పంచాయతీ ప్లాన్‌లో పిల్లల పనులు రాయించడం ఎలా: మా ఊళ్ళో చేసి నేర్చుకున్నది

2021లో వార్డు మెంబర్‌గా గెలిచాక మా పంచాయతీ ప్లాన్ కాయితాలు ఒకసారి చూపించండి సార్ అని సెక్రటరీ గారిని అడిగా. చూపించారు. అందులో పిల్లల కోసం అని ఉన్నది ఒక్కటే లైను, "అంగన్‌వాడీ కేంద్రమునకు రంగులు వేయుట". అంతకు ముందు ఏడాది ప్లాన్ తీస్తే అందులోనూ అదే లైను, అక్షరం కూడా మారలేదు. రంగులు మాత్రం ఏ ఏడాదీ పడలేదు.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఊరు. సంక్రాంతి ముందూ వెనకా సగం ఇళ్ళకి తాళాలు పడతాయి, సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరప కోతలకి. అమ్మానాన్నలతో పాటు పిల్లలూ పోతారు. ఇలాంటి ఊళ్ళో పిల్లల ప్లాన్ అంటే రంగులు కాదు కదా. ఆ అయిదేళ్ళలో కిందా మీదా పడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. మీరు సర్పంచ్ అయినా, మెంబర్ అయినా, ఏ పదవీ లేని మామూలు అమ్మానాన్న అయినా పనికొస్తుంది.

ముందు ఒక విషయం. పంచాయతీకి ఏడాదికి ఒక ప్లాన్ ఉంటుంది, జీపీడీపీ అంటారు, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. మామూలుగా అక్టోబర్ 2న మొదలుపెట్టి జనవరి ఆఖరు లోపల గ్రామసభలో ఆమోదించి ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు ఖర్చు పెట్టాలంటే ఆ పని ఆ ప్లాన్‌లో ఉండాలి. అందుకే ఫిబ్రవరిలో పోయి బడికి నీళ్ళు లేవు మొర్రో అంటే ఎవరూ ఏమీ చేయలేరు, వచ్చే ఏడాది చూద్దాం అంటారు, వాళ్ళు చెప్పేది అబద్ధం కూడా కాదు. మీ పని ఆగస్టులోనే మొదలవ్వాలి.

"పిల్లల సంగతి మనకెందుకు, బడి మండల విద్యాధికారి (ఎంఈవో) చూసుకుంటాడు, అంగన్‌వాడీ ఐసీడీఎస్ చూసుకుంటుంది" అని ప్రతి మీటింగ్‌లో ఒకరు అంటారు. దానికి జవాబు దగ్గర పెట్టుకోండి. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకి అప్పజెప్పగలిగిన విషయాలు 29 ఉన్నాయి, వాటిలో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఉంది, గ్రంథాలయాలు ఉన్నాయి, ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి, స్త్రీ శిశు అభివృద్ధి ఉంది. ఇంకా గట్టిది కావాలంటే 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 9 తీయండి, తన పరిధిలో ఉన్న 14 ఏళ్ళ లోపు పిల్లల రికార్డు స్థానిక సంస్థ పెట్టుకోవాలని అందులో ఉంది. నేను ఆ పేజీ జిరాక్స్ తీసి మీటింగ్‌కి పట్టుకెళ్ళా, ఆ తర్వాత ఆ మాట అనేవాళ్ళు తగ్గారు.

మొదట లెక్క

అన్నిటికన్నా ఎక్కువ టైం దీనికే పెట్టండి. ఊళ్ళో 18 ఏళ్ళ లోపు పిల్లలు ఎంతమంది, ఎవరెవరు, ఇప్పుడు ఎక్కడున్నారు, ఇదే లెక్క. తేలిక అనుకున్నా నేను. అంగన్‌వాడీ టీచర్ దగ్గర సర్వే రిజిస్టర్, బడిలో అడ్మిషన్ రిజిస్టర్, ఏఎన్ఎం దగ్గర తల్లీబిడ్డల రిజిస్టర్, గ్రామ సచివాలయంలో ఇంటింటి డేటా, నాలుగూ ఉన్నాయి, నాలుగు లెక్కలూ నాలుగు రకాలు. ఒక మధ్యాహ్నం నలుగురినీ సచివాలయంలో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాం, టీ చెప్పాం, వీధి వారీగా ఇంటింటి పేరూ చదువుకుంటూ పోయాం. సాయంత్రానికి తేలింది ఏంటంటే, ఎక్కడ లెక్క కలవట్లేదో అక్కడే మన ప్లాన్ ఉంది.

కలవని పేర్లు ఎవరివో చూడండి. బడి రిజిస్టర్‌లో పేరుంది, పిల్లాడు మాత్రం జనవరి నుంచి ఊళ్ళో లేడు. అంగన్‌వాడీలో పేరుంది, పుట్టిన సర్టిఫికెట్ లేదు. పుట్టుక 21 రోజుల్లో నమోదు చేయించాలి, పల్లెల్లో చేసేది పంచాయతీనే, అంటే తప్పు మనదే అన్నమాట. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం దగ్గర్నుంచి వయసు రుజువుకి ఆ సర్టిఫికెట్టే ఆధారం, కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. ఇంకొందరు ఏ రిజిస్టర్‌లోనూ లేరు. నడవలేని పిల్ల, మాట రాని పిల్లాడు, ఇంట్లోనే ఉంటారు, అడిగితే తప్ప ఇంట్లోవాళ్ళు కూడా చెప్పరు. వాళ్ళకి వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు డేటు కనుక్కోవడం, ఇలాంటి పిల్లల కోసం ఉన్న భవిత సెంటర్‌కి పేరు పంపడం, ఇవి రెండూ పైసా ఖర్చు లేకుండా ప్లాన్‌లో రాసుకోదగ్గ పనులు.

అందరికన్నా పెద్ద బొక్క 15 నుంచి 18 వయసు. అంగన్‌వాడీ వాళ్ళకి సంబంధం లేదు, విద్యా హక్కు చట్టం 14కే ఆగిపోతుంది, పది ఫెయిలైన పిల్లాడు ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండడు. టెన్త్ రిజల్ట్ రోజు దాకా మన పిల్లాడు, మర్నాటి నుంచి ఎవడో. వీళ్ళ పేర్లు వేరే పేజీలో రాయండి.

అయిదేళ్ళ లోపు పిల్లల దగ్గర ఇంకొక కాలమ్ పెట్టండి, బరువు, జబ్బ చుట్టుకొలత. అంగన్‌వాడీలో రంగుల టేపు ఉంటుంది, ఆరు నెలలు దాటిన బిడ్డకి జబ్బ 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే ఎరుపు, అది తీవ్రమైన పోషకాహార లోపం, ప్లాన్ దాకా ఆగకుండా ఏఎన్ఎంకి అదే రోజు చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం అయిదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రాలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం, అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. మన ఊళ్ళో అలాంటివాళ్ళు లేరు అని ఎవరైనా అన్నారంటే కొలవలేదని అర్థం.

పిల్లల్ని అడగడం

మా అక్క ఇల్లు సిరుగుప్ప దగ్గర, బళ్ళారి జిల్లా. అక్కడ ఏటా మక్కళ గ్రామసభ, అంటే పిల్లల గ్రామసభ పెడతారు, పిల్లలు లేచి సర్పంచుని, అధికారుల్ని ప్రశ్నలు అడుగుతారు, కర్ణాటకలో చాలా ఏళ్ళుగా నడుస్తోంది. అది చూసొచ్చి మన దగ్గర కూడా పెడదామన్నా. మొదటిసారి ఘోరంగా పోయింది లెండి. నవంబర్ 14న పెట్టాం, షామియానా, మైకు, నాయకుల ఉపన్యాసాలు, ఒక అబ్బాయితో నెహ్రూ గారి మీద స్పీచ్ చెప్పించారు, చాక్లెట్లు పంచాం, అయిపోయింది. ఒక్క పిల్ల కూడా ఒక్క మాట చెప్పలేదు, హెడ్ మాస్టర్ గారు ముందు వరసలో కూర్చుంటే బాత్రూం బాలేదని ఎవరు చెప్తారు?

రెండో ఏడాది మార్చాం. మైకు లేదు, కుర్చీలు లేవు. బడి గ్రౌండ్‌లో ముగ్గు పిండి ఇచ్చి ఊరి బొమ్మ గీయమన్నాం, మీ ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, ఏ దారిన పోతారు. తర్వాత కుంకుమ రంగు పొడి ఇచ్చి భయం వేసే చోట వేయమన్నాం, పసుపు ఇచ్చి ఇష్టమైన చోట వేయమన్నాం. చిన్నపిల్లలు ఒక గుంపు, పెద్ద మగపిల్లలు ఒకటి, ఆడపిల్లలు వేరేగా, వాళ్ళ దగ్గర మహిళా పోలీసూ ఆశా అక్కా తప్ప ఎవ్వరం పోలేదు. టీచర్లని గేటు బయట టీ తాగమన్నాం.

మేమైతే పార్కు అడుగుతారు, జారుడుబల్ల అడుగుతారు అనుకున్నాం. ఆడపిల్లలు ఎర్ర పొడి అంతా బస్టాపు దగ్గరే కుమ్మరించారు. మా ఊళ్ళో ఏడో తరగతి దాకే ఉంది, ఎనిమిదికి నాలుగు కిలోమీటర్లు పోవాలి. పొద్దున బస్సు ఫస్ట్ బెల్ అయ్యాక వస్తుంది, సాయంత్రం దిగే టైంకి బస్టాపు పక్కన బెల్టు షాపు దగ్గర జనం. ఒక్కో ఇంట్లో ఆ పిల్లని ఎందుకు మానిపించారో మాకు ఆ రోజు తెలిసింది. అంతకు ముందు అడిగితే "దానికి చదువు రాదు సార్" అని చెప్పిన నాయన్లే వాళ్ళంతా. చిన్నపిల్లలు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎరుపు వేశారు, కంచె లేదు, క్రికెట్ బాల్ అందులోకే పోతుందంట. పాత బడి బావి దగ్గర వేశారు. పసుపు ఎక్కడ వేశారో చెప్పనా, గుడి అరుగు మీద, ఎందుకంటే అక్కడ రాత్రి లైటు ఉంటుంది, చదువుకోవచ్చు.

ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది సీరియస్. ఇలా అడిగినప్పుడు ఒక్కోసారి ఏదో ఒక పిల్ల బయటికి చెప్పుకోలేని కష్టం చెప్తుంది, ఎవరో చెయ్యి వేశారనో, ఇంకేదో. ఆ మాట సభలో పెట్టకండి, మినిట్స్‌లో రాయకండి, పెద్దమనుషుల దగ్గర రాజీ అసలే వద్దు. పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పిల్ల పేరు మాత్రం ఊళ్ళో ఎవరి నోటా రాకూడదు.

మూడు కుప్పలు

వచ్చినవన్నీ తెల్ల కాయితం మీద రాసి మూడు కుప్పలు చేయండి. డబ్బు అక్కర్లేనివి, మన పంచాయతీ డబ్బుతో అయ్యేవి, వేరే శాఖ చేయాల్సినవి. మా పెద్ద తప్పు ఏంటంటే మొదట్లో అన్నీ రెండో కుప్పలో వేసి నిధులు లేవు అని ఏడవడం. నిజానికి సగం మొదటి కుప్పవే. బెల్టు షాపు తీయించడానికి ఎస్టిమేట్ ఎందుకు? తీర్మానం చేసి ఎక్సైజ్ వాళ్ళకీ స్టేషన్‌కీ కాపీ ఇవ్వాలి, మహిళా సంఘాలు వెంటపడాలి. జీపీడీపీలో ఖర్చు లేని పనులు కూడా రాయొచ్చు, రాయమనే చెప్తారు, అయినా మన దగ్గర ప్లాన్ అంటే సిమెంటు అనే అనుకుంటారు.

రెండో కుప్పకి లెక్క తెలియాలి. 15వ ఆర్థిక సంఘం రూల్ ప్రకారం 2021-22 నుంచి వచ్చిన గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి, మిగతా 40 శాతం అన్‌టైడ్. ఏడాదికి 10 లక్షలు వచ్చిందనుకోండి, 3 లక్షలు నీళ్ళకి, 3 లక్షలు శానిటేషన్‌కి, 4 లక్షలు మన ఇష్టం, జీతాలకి మాత్రం వాడకూడదు. ఆ సంఘం గడువు 2026 మార్చితో అయిపోయింది కాబట్టి మీరు రాసే ఏడాదికి ఏ లెక్క నడుస్తోందో సెక్రటరీని అడిగి ముందే కాయితం మీద వేయించుకోండి. ఇందులో కిటుకు ఏంటంటే అందరూ అన్‌టైడ్ మీదే పడతారు, సీసీ రోడ్డు వాళ్ళు, లైట్ల వాళ్ళు, కరెంటు బకాయిలు, పిల్లల దాకా రాదు. అందుకని బడి బాత్రూంకి నీళ్ళ పైపు, అంగన్‌వాడీలో చేతులు కడుక్కునే కుళాయి, సెప్టిక్ ట్యాంకు, ఇవన్నీ టైడ్ కింద రాయించండి, అక్కడ పోటీ తక్కువ. మా ఇంజనీరింగ్ అసిస్టెంట్ మంచి కుర్రాడు, బడికి వచ్చి టేపు పెట్టి కొలిచి అంచనా వేసిచ్చాడు, అంచనా ఉన్న పని ప్లాన్‌లో నిలబడుతుంది, లేనిది ఊరికే ఊసు.

అన్నట్టు గ్రంథాలయ సెస్సు సంగతి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నాం, చాలామందికి తెలియదు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకి పోవాలి. మనం కట్టిన దాంట్లోంచే మా ఊరికి నాలుగు పుస్తకాలూ ఒక పేపరూ ఇవ్వండి అని తీర్మానం రాసి పంపడానికి మొహమాటం ఏం లేదు. గుడి అరుగు మీద చదువుకునే పిల్లలకి పంచాయతీ పాత గదిలో రెండు లైట్లు, ఒక ఫ్యాను, రెండు బెంచీలు, ఇదే మా ఊరి రీడింగ్ రూం. గొప్పగా ఏం లేదు, కానీ డిగ్రీ పిల్లలు పోలీస్ కానిస్టేబుల్ ఎగ్జామ్‌కి అక్కడే చదువుతున్నారు.

మూడో కుప్ప, వేరే శాఖలవి. ఇక్కడ మనది పోస్ట్‌మ్యాన్ పని, కానీ గట్టి పోస్ట్‌మ్యాన్. తీర్మానం నంబరు వేసి లెటర్ ఇవ్వాలి, రసీదు ముద్ర వేయించుకోవాలి. అంగన్‌వాడీ బిల్డింగ్, ప్రహరీ, ఆటస్థలం చదును, వీటిలో ఏవి ఉపాధి పనుల్లో వస్తాయో మండలంలో ఆ పనులు చూసే ఏపీవోని అడగండి, జాబితా మారుతూ ఉంటుంది. బడి విషయంలో ఇంకొకటుంది, విద్యా హక్కు చట్టం సెక్షన్ 32, పిల్లల హక్కు మీద ఎవరైనా రాతపూర్వకంగా స్థానిక సంస్థకి ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. అమ్మానాన్నలకి ఈ సంగతి చెప్పండి, నోటిమాట కన్నా కాయితానికి విలువ ఎక్కువ.

సుగ్గి ఊళ్ళకి వేరే లెక్క

వలస ఉన్న ఊళ్ళో అయితే ప్లాన్‌లో ఇదే ముందు రాయాలి. పోయేవాళ్ళని ఆపలేం, వానలు లేక అప్పులు తీర్చడానికి పోతున్నవాళ్ళకి పోకండి అని చెప్పే హక్కు మనకి లేదు కూడా. పిల్లల్ని ఊళ్ళో ఉంచగలమా అనేదే ప్రశ్న. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి, తల్లిదండ్రులు తిరిగొచ్చే దాకా పిల్లలకి తిండీ పడకా ఊళ్ళోనే. కానీ లిస్టు ముందు పోవాలి, లారీలు కదిలాక పంపితే హాస్టల్ శాంక్షన్ అయ్యేసరికి పిల్లలు మిరప చేలల్లో ఉంటారు, మా ఊళ్ళో ఒక ఏడాది సరిగ్గా అదే జరిగింది. సెప్టెంబర్ లోపలే ఏ ఇంటివాళ్ళు పోతారు, పిల్లలెంతమంది, అవ్వాతాతా ఉన్నారా లేదా, ఈ మూడూ రాసి ఎంఈవో ఆఫీసులో ఇవ్వండి. కూలీలని తీసుకుపోయే మేస్త్రీలకి అడ్వాన్సు ఎవరు తీసుకున్నారో ముందే తెలుస్తుంది, వాళ్ళని అడిగితే లిస్టు సగం అయిపోతుంది. ఆడపిల్లల తల్లులు అడిగేది ఒకటే, రాత్రి ఎవరుంటారు అని. ఊళ్ళో నమ్మకమున్న ఒక ఆమె పేరు చెప్పగలిగితే ఉంచి పోతారు, లేకపోతే ఎన్ని చెప్పినా వెంట తీసుకుపోతారు.

వీటితో ముడిపడిందే చిన్న వయసు పెళ్ళి. ఊరు వదిలి పోయేటప్పుడు ఎదిగిన పిల్లని ఎక్కడుంచాలి అనే భయంతోనే సగం పెళ్ళిళ్ళు అవుతున్నాయి. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రాలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ముహూర్తాలు మొదలయ్యే ముందే పురోహితుణ్ణి, ఖాజీని, పాస్టర్‌ని, టెంట్ హౌస్ అతన్ని పిలిచి వయసు కాయితం చూడకుండా ఒప్పుకోకండి అని చెప్పండి, 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం చేయించినవాళ్ళకీ రెండేళ్ళ దాకా జైలూ లక్ష దాకా జరిమానా ఉందని చెప్తే వాళ్ళే జాగ్రత్త పడతారు. బెదిరింపు ఒక్కటే పని చేయదు, ఆ పిల్లకి కస్తూర్బా స్కూల్లోనో హాస్టల్లోనో సీటు చూపించాలి, సీటు చూపించిన చోట మాత్రమే మేం నిజంగా పెళ్ళి ఆపగలిగాం.

మగపిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. పది తప్పి, ఫోన్ పట్టుకుని కల్వర్టు మీద కూర్చునే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గంజాయి గురించి చెప్పాలంటే 1972 నంబరుంది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారం ఫెయిలైన పిల్లల ఇళ్ళకి ఆశా అక్క, వార్డు మెంబరు ఒకసారి పోయి కూర్చుని రావాలి అని మేం ప్లాన్‌లోనే రాశాం, సప్లిమెంటరీ ఫీజు డేటుతో పాటు మనసు బాలేనప్పుడు మాట్లాడే టెలి మానస్ 14416 నంబరు గోడ మీద రాయించాం. ఖర్చు ఒక డబ్బా పెయింటు.

రాత, సభ, తర్వాత

ప్లాన్‌లో రాసే తీరు ముఖ్యం. "పాఠశాల అభివృద్ధి" అని రాస్తే దాని కింద ఏమైనా చేయొచ్చు, ఏమీ చేయకపోనూ వచ్చు. "ప్రాథమిక పాఠశాల ఆడపిల్లల మరుగుదొడ్డికి ట్యాంకు నుంచి పైపు, రెండు కుళాయిలు, లోపలి గడియ, అంచనా ఇంత, బాధ్యత ఇంజనీరింగ్ అసిస్టెంట్, జూన్ 12 బడి తెరిచే లోపల", ఇలా రాయాలి. పంచాయతీ ప్లాన్‌లకి కేంద్రం పెట్టిన తొమ్మిది థీమ్‌లలో మూడోది బాలల స్నేహపూర్వక గ్రామం, మేం దీని మీద పనిచేస్తాం అనే సంకల్పం కింద అది ఎంచుకుంటే మంచిదే, కానీ థీమ్ ఎంచుకున్నందుకు డబ్బులొస్తాయని ఎవరైనా చెప్తే నమ్మకండి.

గ్రామసభ రోజు పిల్లల తల్లులు రావాలి, అందుకని కూలి పనులున్న పొద్దున పెట్టనివ్వకండి. మినిట్స్ బుక్‌లో మన పని రాశారో లేదో సంతకం పెట్టే ముందే చదివి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. చదవకుండా సంతకం పెట్టి తర్వాత లబోదిబోమన్నవాళ్ళలో నేనూ ఉన్నా. పోర్టల్‌లో ఎక్కించడం సెక్రటరీ, డిజిటల్ అసిస్టెంట్ చూసుకుంటారు, ఎక్కిందో లేదో ఎవరైనా ఫోన్‌లో తెరిచి చూడొచ్చు, చూడండి.

పంచాయతీలకి మార్కులు కూడా వేస్తున్నారు ఇప్పుడు, పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ అని, మొదటిసారి 2022-23 లెక్కలతో 2025 ఏప్రిల్‌లో బయటపెట్టారు. థీమ్ వారీగా ఉంటుంది, మీ ఊరికి మూడో థీమ్‌లో ఎంత వచ్చిందో చూడండి. దేశం మొత్తం మీద 90 దాటి అచీవర్ గ్రేడ్ తెచ్చుకున్న పంచాయతీ ఆ విడతలో ఒక్కటి కూడా లేదు, కాబట్టి తక్కువొచ్చిందని సిగ్గుపడక్కర్లేదు, సభలో చదివి వినిపించండి చాలు.

టౌన్‌లో ఉండేవాళ్ళకి ఈ దారి కొంచెం వేరు, గ్రామసభ ఉండదు, వార్డు కౌన్సిలర్, మున్సిపల్ బడ్జెట్ మీటింగ్, వాటి చుట్టూ తిరగాలి, పార్కులు, ఆటస్థలాలు మున్సిపాలిటీ బాధ్యత అని 12వ షెడ్యూల్‌లోనే ఉంది. నాకు పల్లె అనుభవమే కాబట్టి ఇంతకన్నా చెప్పలేను.

ఆఖర్న, మూడు నెలలకోసారి పిల్లల దగ్గరికి తిరిగి పోవాలి. ఏం అయింది, ఏం కాలేదు, ఎందుకు కాలేదు, అదే గ్రౌండ్‌లో చెప్పాలి. మేం పోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కంచె అయింది, బావికి గ్రిల్లు పడింది, కుళాయిలు వచ్చాయి, బెల్టు షాపు ఊరి బయటికి పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. బస్సు టైం మారలేదు. ఎందుకు మారలేదు అని తొమ్మిదో తరగతి పిల్ల లేచి అడిగితే డిపోకి ఇచ్చిన లెటర్ కాపీ చూపించా. అది చదివి, "టైం ఎంతకి కావాలో రాయలేదు కదా అన్నా" అంది. నిజమే, "విద్యార్థుల సౌకర్యార్థం" అని మాత్రమే రాశాం. రెండో లెటర్ ఆ పిల్లలే రాశారు, పొద్దున 8:10కి బస్టాపులో ఉండాలి అని, కింద అందరూ సంతకాలు పెట్టారు.